పరీక్ష పెట్టిన చోట ఉన్నాం, పేరు పిలవాల్సిన చోట లేం

నేను జూనియర్‌గా చేరిన ఆఫీసులో ఒక పెద్దాయన గుమస్తాగా ఉండేవారు. రోజూ సాయంత్రం కోర్టు నుంచి వచ్చిన కేసు కట్టలను విప్పి, మర్నాటి వాయిదాల ప్రకారం సర్ది, మళ్లీ నాడా కట్టి బల్ల మీద రెండు దొంతరలుగా పెట్టేవారు. ఎడమవైపు దొంతర నాది. కుడివైపుది నాతోపాటు అదే నెలలో చేరిన అబ్బాయిది. నా దొంతరలో మనోవర్తి, విడాకులు, పిల్లల సంరక్షణ, ఎప్పుడైనా ఒక వీలునామా తగాదా ఉండేవి. అతని దొంతరలో భూసేకరణ, ఉద్యోగుల సర్వీసు కేసులు, అమ్మకపు పన్ను, టెండర్లు. ఇలా పంచమని మా సీనియర్ గారు ఏనాడూ చెప్పలేదు. వద్దని కూడా అనలేదు. రెండేళ్లు గడిచాక ఒకరోజు ధైర్యం చేసి, "భూసేకరణ కట్ట ఒకటి నాకూ పెట్టకూడదా అండీ?" అని అడిగాను. ఆయన ఆప్యాయంగానే చెప్పారు: "ఆడవాళ్ల కష్టం మీకైతే బాగా తెలుస్తుంది కదమ్మా."

ఆయన మీద నాకు కోపం లేదు. నన్ను సొంత కూతురిలా చూసుకున్న మనిషి. కానీ ఇరవై ఏళ్లకు పైగా నల్లకోటు వేసుకున్నాక ఇప్పుడు నాకొక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. హైకోర్టు న్యాయమూర్తుల జాబితాలో ఏ పేర్లు ఉంటాయో, ఏవి ఉండవో తేలడం అక్కడే, ఆ రెండు దొంతరల దగ్గరే మొదలవుతుంది.

సుప్రీంకోర్టు పరిశోధన విభాగం 2023లో ఒక నివేదిక ఇచ్చింది. దేశవ్యాప్తంగా జిల్లా, కింది కోర్టుల్లో పనిచేస్తున్న న్యాయాధికారుల్లో మహిళలు 36.3 శాతం. హైకోర్టు న్యాయమూర్తుల్లో 13.4 శాతం. సుప్రీంకోర్టులో 9.3 శాతం. ఈ మూడు అంకెలను చాలామంది కాలానికి వదిలేస్తారు. ఆడవాళ్లు ఆలస్యంగా వచ్చారు, కింద నిండుతున్నారు, నెమ్మదిగా పైకీ చేరతారు అంటారు. నేను ఒప్పుకోను. కింది కోర్టుల్లో న్యాయాధికారి కావాలంటే పరీక్ష రాయాలి. జవాబు పత్రం మీద పేరు ఉండదు. హైకోర్టుకు పరీక్ష లేదు. అక్కడ ఎవరో ఒకరు మనల్ని గుర్తించి, మన పేరు పలకాలి. పరీక్ష ఉన్నచోట మూడో వంతు దాటిన వాళ్లం, పేరు పలకాల్సిన చోట ఏడో వంతు కూడా లేకపోవడానికి కాలం ఒక్కటే కారణమంటే నమ్మలేను.

అసలు ఆలస్యం ఎక్కడ మొదలైందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మేం చేసిన ఆలస్యం కాదు. కార్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాసింది 1892లో. పరీక్ష రాయనిచ్చారు, పట్టా మాత్రం ఇవ్వలేదు. ఆ పట్టా చేతికి అందడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1916లో రెజీనా గుహ అనే యువతి న్యాయవిద్య పూర్తిచేసి, ప్లీడరుగా పేరు నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకుంటే కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ కొట్టేసింది. చట్టంలో 'వ్యక్తి' అనే మాట ఉంది గానీ, ఆ మాటలోకి స్త్రీ రాదన్నది తీర్పు సారాంశం. 1921లో సుధాంశుబాల హజ్రాకు పాట్నా హైకోర్టులో అదే అనుభవం. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు మాత్రం కార్నీలియా సొరాబ్జీని నమోదు చేసుకుంది. ఒకే దేశం, ఒకే చట్టం, గంగ ఒడ్డునే ఉన్న రెండు నగరాలు. ఒకచోట స్త్రీ వ్యక్తి అయింది, ఇంకోచోట కాలేదు. ఈ అయోమయాన్ని తొలగించడానికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టమే తేవాల్సి వచ్చింది. స్త్రీ అయినంత మాత్రాన న్యాయవాద వృత్తికి అనర్హురాలు కాదని చెప్పడానికి ఒక చట్టం!

ఆ చట్టం వచ్చిన 36 ఏళ్లకు, 1959 ఫిబ్రవరి 9న, కేరళ హైకోర్టులో అన్నా చాందీ న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. దేశంలో హైకోర్టు న్యాయమూర్తి అయిన మొదటి మహిళ ఆమె. ఇంగ్లండులో ఎలిజబెత్ లేన్ హైకోర్టు జడ్జి అయింది 1965లో. మనకు కోర్టులనూ గౌన్లనూ ఇచ్చిన దేశం కంటే మనం ఆరేళ్లు ముందున్నాం. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

అన్నా చాందీ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆ తేదీ దగ్గరే ఆగిపోతారు. నాకు ఆమె అంతకుముందు జీవితం ఇంకా ముఖ్యం. 1905లో తిరువాన్కూరులో పుట్టారు. ఆ ప్రాంతంలో న్యాయశాస్త్ర పట్టా పొందిన మొదటి మహిళ. క్రిమినల్ కేసులు వాదించారు, కుటుంబ తగాదాలకు పరిమితం కాలేదు. 'శ్రీమతి' పేరుతో పత్రిక నడిపారు. స్త్రీలకు ప్రభుత్వ ఉద్యోగాలు ఎందుకని ఒక పెద్దమనిషి తిరువనంతపురంలో బహిరంగంగా వాదిస్తే, ఆమె లేచి ఆయన వాదనలోని ఒక్కో అంశాన్నీ కోర్టులో ఖండించినట్టు ఖండించారు. తిరువాన్కూరు ప్రజాసభకు పోటీచేసి ఓడారు, మళ్లీ నిలబడి గెలిచారు. మరణశిక్ష నుంచి స్త్రీలకు మినహాయింపు ఉండటాన్ని కూడా ఆమె వ్యతిరేకించారు. సమాన హక్కు అడిగేవాళ్లు శిక్ష దగ్గర రాయితీ కోరకూడదన్నది ఆమె పట్టుదల. మరణశిక్షే ఉండకూడదని నమ్మే నాకు ఆ వాదన మింగుడు పడదు. అయినా ఆ పట్టుదలకు నమస్కరిస్తాను. 1937లో మున్సిఫ్, అంటే కింది కోర్టు జడ్జి, 1948లో జిల్లా జడ్జి, 1959లో హైకోర్టు. ఒక్కో మెట్టుకూ పదకొండేళ్లు. ఆకాశం నుంచి ఊడిపడ్డ నియామకం కాదది. కింది కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసుకుంటూ ఎక్కిన మెట్లు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. 1956లో హైదరాబాదుకు, మూసీ ఒడ్డున ఉన్న ఆ ఎర్రరాతి గుమ్మటాల భవనంలోకి వచ్చింది. అందులో మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి అడుగుపెట్టింది 1978లో. అంటే హైకోర్టు పుట్టిన 24 ఏళ్లకు. పొరుగున కేరళలో అన్నా చాందీ అప్పటికే ఎనిమిదేళ్లు పనిచేసి 1967లో పదవీ విరమణ కూడా చేసేశారు. 1978లోనే బొంబాయిలో సుజాతా మనోహర్, ఢిల్లీలో లీలా సేఠ్ ఆయా హైకోర్టుల్లో మొదటి మహిళలయ్యారు. ఒకే ఏడాదిలో మూడు పెద్ద హైకోర్టులకు మహిళలు ఉన్నట్టుండి కనిపించారంటే, అర్హులు ఆ ఏడాదే పుట్టుకొచ్చారని అనుకోవాలా? వాళ్లు అంతకుముందూ కోర్టు హాళ్లలోనే ఉన్నారు. చూడాలన్న నిర్ణయం ఆ ఏడాది జరిగింది, అంతే.

లీలా సేఠ్ 1958లో లండన్ బార్ పరీక్షలో అందరికంటే ముందు నిలిచారు. అంతటి ఆమె కలకత్తాలో ఒక పేరున్న సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడానికి వెళితే, వృత్తి ఎందుకు, పెళ్లి చేసుకో అన్నారట ఆయన. అయిపోయిందండీ అన్నారు ఈమె. అయితే ఒక బిడ్డను కను. ఉన్నాడండీ. ఒక్కడే ఉంటే ఆ బిడ్డకు తోడుండదు, ఇంకొకరిని కను. ఇద్దరున్నారండీ. అప్పుడు గానీ ఆయన లొంగి చేర్చుకోలేదు. ఈ కథ ఆమే చెప్పారు. సభల్లో ఎవరైనా దీన్ని చెబితే అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ గది గుమ్మం దగ్గర ఒక్క బిడ్డతోనో, అసలు పెళ్లి కాకుండానో నిలబడి, జవాబు లేక తిరిగివెళ్లిన వాళ్లు గుర్తొస్తారు. ఆ లీలా సేఠే 1991 ఆగస్టు 5న హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. దేశంలో ఒక హైకోర్టుకు నాయకత్వం వహించిన మొదటి మహిళ. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి 44 ఏళ్లు.

'మొదటి మహిళ' అన్న మాటంటే నాకు ఈ మధ్య భయం పట్టుకుంది. దండలు, సన్మానాలు, పత్రికల్లో ఫొటోలు, అన్నీ మొదటి మనిషికే. రెండో మనిషి ఎప్పుడు వచ్చారో ఎవరూ అడగరు. విశాఖపట్నంలో పుట్టిన జి. రోహిణి గారు 2014లో ఢిల్లీ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయినప్పుడు మా బార్ రూమ్‌లో మిఠాయిలు పంచుకున్నాం. మన హైకోర్టులోనే పనిచేసిన టి. మీనాకుమారి గారు అంతకు ఏడాది ముందు కొత్తగా ఏర్పడిన మేఘాలయ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో ఒక అరుదైన ఘట్టం జరిగింది. మద్రాసులో ఇందిరా బెనర్జీ, బొంబాయిలో మంజులా చెల్లూర్, ఢిల్లీలో రోహిణి, కలకత్తాలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా నిషితా మాత్రే. దేశంలోని నాలుగు ప్రధాన హైకోర్టులకూ ఒకేసారి మహిళలే పెద్దలు. పత్రికలన్నీ మొదటి పేజీల్లో వేశాయి. ఇందిరా బెనర్జీ ప్రమాణం చేసింది ఏప్రిల్ 5న. రోహిణి పదవీ విరమణ చేసింది అదే నెల 13న. ఆ ముచ్చట పట్టుమని పది రోజులు లేదు.

ఇంత స్వల్పకాలం ఎందుకవుతుందో తెలియాలంటే వయసుల లెక్క చూడాలి. హైకోర్టు న్యాయమూర్తికి 62 ఏళ్లకు పదవీ విరమణ, సుప్రీంకోర్టులో 65. ప్రధాన న్యాయమూర్తి కావాలన్నా, సుప్రీంకోర్టుకు వెళ్లాలన్నా హైకోర్టులో చేరిన తేదీనుంచి లెక్కించే సీనియారిటీ ముఖ్యం. రాజ్యాంగంలోని 217వ అధికరణ ప్రకారం పదేళ్లు న్యాయాధికారిగానో, పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగానో ఉంటే అర్హత ఉన్నట్టే. ఆనవాయితీగా మూడింట రెండొంతుల స్థానాలు న్యాయవాదులకు, ఒక వంతు కింది కోర్టుల నుంచి పదోన్నతి పొందేవాళ్లకు వెళతాయి. న్యాయవాదిని సాధారణంగా నలభై అయిదు దాటాక తీసుకుంటారు. న్యాయాధికారి మాత్రం జిల్లా జడ్జి స్థాయి దాటి హైకోర్టు గుమ్మం తొక్కేసరికి యాభై అయిదో, యాభై ఎనిమిదో వచ్చేస్తాయి.

ఇద్దరు మహిళల జీవితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫాతిమా బీవీ 1958లో పరీక్ష గెలిచి మున్సిఫ్ అయ్యారు. కేరళ హైకోర్టుకు చేరింది 1983లో. పాతికేళ్ల ప్రయాణం, అప్పటికి వయసు 56. 1989 ఏప్రిల్‌లో హైకోర్టు నుంచి పదవీ విరమణ చేసి ఇంటికి వెళ్లాక, ఆ అక్టోబరు 6న సుప్రీంకోర్టుకు పిలుపు వచ్చింది. సుప్రీంకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి అక్కడ ఉన్నది రెండున్నరేళ్లు. బి.వి. నాగరత్న న్యాయవాదిగా ఉండగా 2008లో, 45వ ఏట, కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు. అందుకే ఆమె సీనియారిటీ ప్రకారం 2027లో భారత ప్రధాన న్యాయమూర్తి కాగలరు. అదీ 36 రోజులకే. పరీక్ష రాసి వచ్చిన మహిళకు పైకి ఎక్కేసరికి పొద్దుపోతుంది. పొద్దుండగా చేరాలంటే న్యాయవాదుల వరుసలోంచి, నడివయసులోనే, ఎవరో పేరు పిలవాలి. మూడింట రెండొంతుల తలుపు అది. మేం తక్కువగా ఉన్నది సరిగ్గా ఆ తలుపు దగ్గర.

ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో దగ్గరనుంచి చూశాను. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్లు కూర్చుని పేర్లు అనుకుంటారు. ఈ ముగ్గురినే హైకోర్టు కొలీజియం అంటారు. తాము కోర్టు హాల్లో తరచుగా విన్నవాళ్ల పేర్లే గుర్తొస్తాయి, అది సహజం. గత కొన్నేళ్ల వృత్తి ఆదాయం చూస్తారు. వాదించిన కేసుల్లో పుస్తకాలకెక్కిన తీర్పులు ఎన్నో చూస్తారు. ఇప్పుడు ఆ రెండు దొంతరలను మళ్లీ గుర్తు తెచ్చుకోండి. నెలకు కొన్ని వేల మనోవర్తి కోసం కోర్టుకెక్కిన ఆడమనిషి దగ్గర నేనెంత ఫీజు తీసుకోగలను? ఆ కేసు కుటుంబ న్యాయస్థానంలోనే ముగిస్తే ఏ పుస్తకంలో అచ్చవుతుంది? పక్క దొంతరలోని పన్ను కేసు హైకోర్టు దాకా వస్తుంది, ఫీజు తెస్తుంది, తీర్పులో న్యాయవాది పేరు అచ్చవుతుంది. ప్రభుత్వ ప్లీడరుగా నియమితులైతే రోజుకు పదిసార్లు న్యాయమూర్తుల ముందు లేచి నిలబడే అవకాశం వస్తుంది. బ్యాంకులకూ కార్పొరేషన్లకూ స్టాండింగ్ కౌన్సిల్, అంటే వాటి కేసులు చూసే ఆస్థాన న్యాయవాది, అయినా అంతే. రోహిణి గారు న్యాయమూర్తి కావడానికి ముందు ప్రభుత్వ ప్లీడరుగా చేశారు. ప్రతిభ ఆమెది. కానీ ఆ ప్రతిభ రోజూ కనిపించే చోట ఆమెకు నిలబడే వీలు దొరికింది. ఎంతమందికి దొరికింది?

2021 ఏప్రిల్‌లో, మహిళా న్యాయవాదుల సంఘం వేసిన దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఒక మాట అన్నారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులు మహిళలను ఆహ్వానిస్తే, ఇంటి బాధ్యతలున్నాయని, పిల్లలు పన్నెండో తరగతిలో ఉన్నారని కాదంటున్నారని తనకు చెప్పారన్నది దాని సారం. ఆ మాట అబద్ధమని నేను అనను. అలా కాదన్నవాళ్లు ఉండే ఉంటారు. అయితే ఎంతమందిని అడిగారు, ఎంతమంది కాదన్నారు? ఎక్కడా రాసిలేదు. కాదన్న మగవాళ్లు ఎంతమంది? సంపాదన తగ్గుతుందని జడ్జి పదవి వద్దనుకున్న పేరున్న న్యాయవాదులు ప్రతి హైకోర్టులోనూ ఉన్నారు. వాళ్లను చూపించి మగవాళ్లకు బాధ్యత తెలియదని ఎవరూ తీర్మానించరు. పిల్లవాడి పన్నెండో తరగతి ఏడాదిలో ముగిసిపోతుంది. ఆ ఏడాది దాటాక ఆమెను మళ్లీ అడిగారా? నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఇంకో వాదన మా వైపు నుంచే వస్తుంది. మహిళా న్యాయమూర్తులుంటే మహిళలకు న్యాయం జరుగుతుంది, వాళ్లకు కరుణ ఎక్కువ, అందుకే వాళ్లు కావాలి అని. మంచి మనసుతో చెప్పేదే గానీ, మా గుమస్తా గారి మాటకు ఇది అన్న వరస. ఆడవాళ్ల కష్టం ఆడవాళ్లకు తెలుస్తుందని ఒప్పుకున్న క్షణాన, పన్ను కేసు మాకు తెలియదని కూడా ఒప్పుకున్నట్టే. 2018లో శబరిమల కేసులో అయిదుగురు న్యాయమూర్తుల్లో ఒక్కరే మహిళ, ఇందూ మల్హోత్రా. స్త్రీల ప్రవేశానికి అనుకూలంగా వచ్చిన తీర్పుతో విభేదించిందీ ఆమె ఒక్కరే. ఆ తీర్పు మీద నా అభిప్రాయం ఏదైనా, మహిళలందరూ ఒకే తీర్పు రాస్తారనుకునేవాళ్లకు అది జవాబు.

2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ నుంచి వచ్చిన తీర్పు ఇంకా కష్టమైన ఉదాహరణ. బట్టల మీదుగా తాకితే, చర్మానికి చర్మం తగలలేదు కాబట్టి, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద లైంగిక దాడి కాదన్నారు. రాసింది మహిళా న్యాయమూర్తి. ఆ రోజు మా కారిడార్‌లో ఒక పెద్ద న్యాయవాది నన్ను ఆపి, "చూశారా, ఆడజడ్జీ ఏం రాసిందో" అన్నారు. ఆ తీర్పు తప్పు. నిద్ర పట్టనంత తప్పు. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ బెంచ్‌లో ప్రధాన తీర్పు రాసింది బేలా త్రివేది, మహిళే. కానీ ఆయనకు నేను ఆ రోజు చెప్పిన జవాబు వేరు. ఈ దేశపు హైకోర్టుల్లో ఇన్నేళ్లుగా వచ్చిన తప్పుడు తీర్పుల్లో చాలా ఎక్కువ భాగం మగవాళ్లు రాసినవే. ఏ ఒక్కదాన్నీ మగజాతి ఖాతాలో వేయలేదు. పొరపాటు చేసినా సరే, ఆ పొరపాటు ఒక మనిషిదిగా మిగిలే హక్కు మాకూ కావాలి. జడ్జి పీఠం మీద కూర్చునే అర్హత మంచితనంతో సంపాదించుకోవాల్సిన బహుమానం కాదు.

వసతుల గురించి రాయకుండా ఉండలేను. వృత్తి మొదట్లో ఒక కోర్టు సముదాయంలో మాకు మరుగుదొడ్డి లేదు. ఉన్నదానికి గొళ్లెం లేదు, నీళ్లు లేవు. రోడ్డుకు అవతల ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇల్లు ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మేం నలుగురం న్యాయవాదులం గౌన్లు మడిచి చేతిమీద వేసుకుని రోడ్డు దాటేవాళ్లం. ఆవిడ ఊరెళ్లిన రోజున ఉదయం నుంచి మంచినీళ్లు తాగేవాళ్లం కాదు. 2021లో జస్టిస్ ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, దేశంలోని సుమారు 6,000 కింది కోర్టుల్లో 22 శాతం చోట్ల మహిళలకు విడిగా మరుగుదొడ్లు లేవని బహిరంగంగా చెప్పారు. న్యాయవ్యవస్థలో సగం స్థానాలు మహిళల హక్కు, దానం కాదని కూడా ఆయన అన్నారు. అదే ఏడాది ఆగస్టు 31న సుప్రీంకోర్టులో ఒకేరోజు ముగ్గురు మహిళలు ప్రమాణం చేశారు. వాళ్లలో హిమా కోహ్లీ అప్పటిదాకా తెలంగాణ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి. ఇక్కడ ఆమె పనిచేసింది ఎనిమిది నెలల లోపే.

లోపలికి వచ్చినవాళ్లకు ఏం జరుగుతుందన్నది మరో సంగతి. మధ్యప్రదేశ్‌లో మహిళా న్యాయాధికారులను పనితీరు బాగాలేదని ఉద్యోగం నుంచి తీసేశారు. అందులో ఒకామెకు ఆ మధ్యకాలంలో గర్భస్రావం అయింది. ఆ విషయం చూడకుండా కేసుల పరిష్కారం లెక్క మాత్రమే చూశారు. పురుష న్యాయాధికారులకూ ఇదే కొలమానం పెడతారా అని జస్టిస్ నాగరత్న విచారణలో ప్రశ్నించారు. 2025 ఫిబ్రవరి 28న ఆమె బెంచ్ ఇద్దరు న్యాయాధికారుల తొలగింపును రద్దుచేసింది. ఒక హైకోర్టు పాలకవర్గంలోని పెద్దలు చూడలేకపోయినదాన్ని చూడటానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

తలచుకుంటే జరుగుతుందనడానికి మన దగ్గరే రుజువుంది. 2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టులో ఏడుగురు కొత్త న్యాయమూర్తులు ప్రమాణం చేస్తే, వాళ్లలో నలుగురు మహిళలు. పి. శ్రీసుధ, సి. సుమలత, జి. రాధారాణి, పి. మాధవీదేవి. ఆకాశమేమీ కూలిపోలేదు, కేసులేమీ ఆగిపోలేదు. ఆ నలుగురిలో ముగ్గురు కింది కోర్టుల నుంచి పదోన్నతి మీద వచ్చారు, ఒకరు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ నుంచి. న్యాయవాదుల వరుస నుంచి ఒక్కరూ లేరు. 2022 మార్చిలో మరో పదిమంది వచ్చారు. ఈసారి న్యాయవాదుల నుంచి వచ్చిన అయిదుగురిలో సూరేపల్లి నంద, జువ్వాడి శ్రీదేవి ఉన్నారు. అయిదుగురిలో ఇద్దరు. ఆ అంకె నాకు నలుగురు అన్న అంకె కంటే ఎక్కువ ఆశ కలిగించింది. ఎందుకో పైన వయసుల లెక్కలోనే చెప్పాను.

రిజర్వేషన్ కావాలా అని చాలామంది అడుగుతారు. పదేళ్ల కిందట వద్దనేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కానీ దానికంటే ముందు, రాజ్యాంగ సవరణ అవసరం లేకుండా రేపు ఉదయమే చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి హైకోర్టు కొలీజియం తాను పరిశీలించిన పేర్లలో మహిళలు ఎందరో, కాదన్నవారు ఎందరో, అందులో మగవాళ్లెందరో అంకెలుగా చెప్పాలి. పేర్లు అక్కర్లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు తన సిఫారసుల వివరాలను, మహిళలెందరో సహా, వెబ్‌సైట్‌లో పెట్టింది. హైకోర్టులు కూడా అదే దారిలో నడవవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు ప్రభుత్వ ప్లీడర్లను నియమించేటప్పుడు రెవెన్యూ, భూసేకరణ, పన్నుల విభాగాలను మహిళలకు ఇవ్వాలి. స్త్రీశిశు సంక్షేమ శాఖ ఒక్కటి ఇచ్చి సరిపెట్టడం కాదు. కాదన్న మహిళను రెండేళ్ల తర్వాత మళ్లీ అడగాలి.

మా గుమస్తా గారు ఇప్పుడు లేరు. నా ఆఫీసులో దొంతరలు నేనే సర్దుతాను. ఇద్దరు జూనియర్లు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. మనోవర్తి కట్టలు అబ్బాయికి కూడా వెళతాయి. మొదట్లో ఇబ్బంది పడ్డాడు గానీ, ఇప్పుడు ఆ అమ్మలు అతన్నే అడిగి మరీ వస్తున్నారు. ఈ మధ్య ఒక భూసేకరణ రిట్‌లో నేను వేరే హాల్లో ఇరుక్కుపోతే అమ్మాయి ఒక్కతే నిలబడి వాదించింది. మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. వకాలత్‌నామాలో సీనియర్ పేరు ఒక్కటే ఉంటే ఉత్తర్వులోనూ అదే వస్తుంది. జూనియర్ ఎంత వాదించినా కాగితం మీద ఉండదు. అందుకని ఆ కేసు దాఖలు చేసిన రోజే వకాలత్‌నామాలో ఇద్దరి పేర్లూ రాయించాను. ఉత్తర్వు కాపీ అందాక అమ్మాయి అందులోని షరతులు చదువుకుంటోంది. నేను మాత్రం మొదటి పేజీ తిప్పి, పిటిషనర్ తరఫు న్యాయవాదులు అన్న చోట వేలు పెట్టి వెతికాను. ఆమె పేరు ఉంది, ఇంటిపేరుతో సహా.